తెలియక అడిగిన ప్రశ్న

మానుకోట,
2 ఫిబ్రవరి 1969

తమ్ముడు సోమేశ్వర్‌కు,

అందరం బాగున్నామని మొదలుపెడితే నువ్వు నమ్మవు. బాగోలేమని రాస్తే రాత్రికి రాత్రే బండెక్కి వస్తావు. రెండూ కాదు అనుకో.

ప్రత్యేక రాష్ట్రం గొడవలతో బడి మూసి తొమ్మిది రోజులైంది. మొదటి రోజు పిల్లలు గేటు దగ్గర నినాదాలిచ్చి వెళ్లిపోయారు. మూడో రోజు నుంచి నినాదాలకు కూడా ఎవరూ రాలేదు. మా టీచర్లలో సగం మంది సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. గూడ్సు ఆఫీసులో మీ బావకు మాత్రం పని తప్పలేదు. వ్యాగన్లకు రాష్ట్రంతో ఏం సంబంధం?

విజయ సంగతి. నిరుడు జూన్‌లో నువ్వు నీ బిడ్డను నా దగ్గర వదిలి వెళ్లేటప్పుడు, "ఆర్నెల్లల్ల దారికి తెస్త, నాకు ఇడిసిపెట్టు" అన్నాను. ఎనిమిది నెలలు గడిచాయి. జనగామ బడిలో ఒక ఆంధ్ర సారు నలుగురిలో దాని 'ఏంది'ని వెక్కిరించి నవ్వాడు, తరగతంతా నవ్వింది, అది ఆ రోజే పుస్తకం మూసింది. ఆ సంగతి మనసులో పెట్టుకుని, ఇంకెవరూ దాన్ని చూసి నవ్వకూడదని, దాని భాష చక్కదిద్దే పని నేనే పెట్టుకున్నాను. పొద్దున పద్యాలు, మధ్యాహ్నం వ్యాకరణం. 'ఏంది' అంటే 'ఏమిటి' అనిపిస్తున్నాను, 'గిట్ల' అంటే 'ఇలా' అనిపిస్తున్నాను. చెప్పమంటే చెబుతుంది. మళ్లీ నోరు మూసుకుంటుంది. పద్దెనిమిదేళ్లుగా తెలుగు చెబుతున్నదాన్ని, ఇంత కదలని పిల్లను చూడలేదు.

మన వీధి చివర గోడ మీద 'ప్రతేక తెలంగాణ' అని పెద్ద అక్షరాలతో రాశారు. సుద్దముక్క తీసుకెళ్లి ఆ 'తే' కింద యవత్తు పెట్టి వద్దామని బయలుదేరాను. "నీకేమన్న పిచ్చా, తంతరు" అని మీ బావ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు. రాష్ట్రం వస్తే రానీ, యవత్తుతో వస్తే నష్టమేమిటి?

మరదలు అన్నపూర్ణను అడిగానని చెప్పు.

మీ అక్క,
సుభాషిణి

—

జనగామ,
11 ఫిబ్రవరి 1969

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో రాసినదానికంటే రాయనిది ఎక్కువ ఉన్నట్టు అనిపించింది. గోడ మీది యవత్తు గురించి అంత రాశావు. నా బిడ్డ పొద్దంతా ఎక్కడ ఉంటుంది, ఎవరితో మాట్లాడుతుంది అన్నది ఒక్క ముక్క రాయలేదు.

ఇక్కడ మా కొట్టుకు నాలుగిళ్ల అవతల ఒక పిల్లవాడు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "ఇప్పుడే వస్త" అని తల్లితో చెప్పి వెళ్లాడు. మూడో రోజున వరంగల్ జైలులో ఉన్నాడని తెలిసింది. ఆ తల్లి ఇంకా ఆ కంచం కడగలేదు. రాష్ట్రం రావాలని నాకూ ఉంది. చందా అడిగితే ఇచ్చాను, బంద్ అంటే కొట్టు మూశాను. కానీ పదిహేనేళ్ల ఆడపిల్లను నేను ఎవరికీ చందాగా ఇవ్వలేదు.

మాట్లాడని పిల్ల అంటే నీకు చదువు రాని పిల్ల. నాకు అట్లా కాదు. మాట్లాడని మనిషి ఏదో దాస్తున్నాడని వ్యాపారంలో నేర్చుకున్నాను.

శివరాత్రికి పాలకుర్తి వెళ్లి మొక్కు తీర్చుకుని వస్తాను. ఈలోగా విజయను స్టూడియోకు తీసుకెళ్లి ఒక ఫొటో తీయించి పంపు. నిలబడి ఉన్నది, మొహం స్పష్టంగా కనపడేది. ఎందుకని ఇప్పుడు అడగకు.

నీ తమ్ముడు,
సోమేశ్వర్

—

మానుకోట,
20 ఫిబ్రవరి 1969

సోమేశ్వర్‌కు,

ఎందుకని అడగవద్దన్నావు కాబట్టి అడగను. నేనే చెబుతాను. మొగుళ్లపల్లి సోమనర్సయ్య గారి కొడుక్కి పిల్లను వెతుకుతున్నారని, వాళ్లకు అక్కడా, భూపాలపల్లిలోనూ కొట్లు ఉన్నాయని దీపావళికి వచ్చినప్పుడు అన్నపూర్ణ నోరు జారింది. నిలబడి ఉన్న ఫొటో, మొహం కనపడే ఫొటో. నేనేమన్నా చిన్నపిల్లనా? బడి మూసిన సందు చూసుకుని దాని చదువుకే తలుపు వేసే ఆలోచన నీది. నన్ను పదహారో ఏట నాయిన బడి మాన్పించబోతే ఏడుస్తూ అడ్డం పడ్డది నువ్వే కదా. ఆ సోమేశ్వర్ ఎక్కడికి పోయాడు?

ఫొటో పంపను.

ఇక నువ్వు అడిగిన లెక్క. పొద్దున నా దగ్గర కూర్చుంటుంది. మధ్యాహ్నం మూడింటికి గుడికి వెళ్లి అయిదింటికి వస్తుంది. ఇంకెక్కడికీ పోదు. పోతే నాకు తెలియకుండా ఉండదు.

నా పద్ధతి ఫలిస్తున్నట్టే ఉంది. మొన్న వంటింట్లో బొగ్గుముక్కతో గచ్చు మీద లెక్క చేస్తుంటే చూశాను. ఎవరూ చెప్పకుండా తనంతట తాను. నన్ను చూసి కాలితో చెరిపేసింది. "ఎందుకు చెరుపుతున్నావు, నేను కూడా చూస్తాను" అంటే, "ఏం లేదు అత్తమ్మా" అంది. 'ఏమీ లేదు' అనాలని చెప్పాను. తల ఊపింది. అయినా సరే, మొహంలో ఇదివరకు లేని కళ ఒకటి కనపడుతోంది. వ్యాకరణం ఒంటికి పడితే అంతే.

సుభాషిణి

—

జనగామ,
3 మార్చి 1969

అక్కా,

నీ పద్ధతి ఎంత ఫలించిందో చెబుతాను, కూర్చుని చదువు.

మా గుమాస్తా పాపయ్యను మిర్చి బేరానికి మీ ఊరు పంపాను. నువ్వెరుగుదువు, పాపయ్య లేనిది కల్పించే మనిషి కాదు. మధ్యాహ్నం మూడున్నరకు తుల్సీరాం సేటు ఇంటి వెనక సందులో మన విజయ పోతున్నదట. ఓణీ కింద ఏదో నోట్‌బుక్ దాచుకున్నదట. "విజయమ్మా, నేను పాపయ్యను, గుర్తువట్టలేదా?" అని పిలిస్తే, ఒకసారి వెనక్కి చూసి, గబగబా నడిచి సేటు వెనక వాకిలిలోకి వెళ్లిపోయిందట. ఆ వాకిలి ముందు ఇద్దరు కుర్రాళ్లు నల్లజెండాలు కుడుతున్నారట.

మధ్యాహ్నం మూడింటికి ఏ గుడి తలుపులు తెరిచి ఉంటాయి అక్కా? పూజారి అన్నం తిని పడుకునే వేళ అది. ఆ మాట నీకు తట్టలేదా, తట్టీ నాకు రాయలేదా? నువ్వే దాన్ని పంపుతున్నావేమోనని కూడా అనిపించింది. గోడల మీద అచ్చుతప్పులు దిద్దాలని ఉబలాటపడేదానివి, గోడల వాళ్లతో చేరలేదని ఎట్లా నమ్మను?

ఫొటో విషయంలో నువ్వు అన్న మాటకు జవాబు రాయను. నోరు చేదవుతుంది.

ఆ నోట్‌బుక్‌లో ఏముందో చూసి వెంటనే రాయి. లేకపోతే నేనే వస్తాను.

సోమేశ్వర్

—

మానుకోట,
10 మార్చి 1969

సోమేశ్వర్‌కు,

నీ మాటలకు కోపం వచ్చింది. కానీ గుడి సంగతి నువ్వన్నది నిజం. నాకు తట్టలేదు. సిగ్గుపడి రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం మీ బావ దాని వెనక దూరంగా నడిచారు. తుల్సీరాం గారి వెనక వాకిట్లోకే వెళ్లింది. ఆ ఇంట్లో రెండు వాటాలు. ముందు వాటాలో సేటు కొడుకులు, వాళ్ల స్నేహితులు ఉద్యమం పనులు చేస్తుంటారు. వెనక వాటాలో మా బడిలో విజయ తరగతికి లెక్కలు చెప్పే సీతారావమ్మ అద్దెకు ఉంటుంది. ఆమెది రేపల్లె. తోటి ఆంధ్ర టీచర్లందరూ వెళ్లిపోయినా ఈమె ఒక్కతే మిగిలింది. "తొమ్మిదో తరగతి పోర్షన్ సగంలో ఉందండి, బడి తెరిస్తే ఎవరు చెబుతారు?" అని అంటుందట. ఉద్యోగం పోతుందని భయమో, మరేదన్నా కారణమో, ఎవరికీ అర్థం కాలేదు. ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు. నేను కూడా మాట్లాడి నెల దాటింది. విజయ ఏ వాటాలోకి వెళ్లిందో మీ బావకు కనపడలేదు. ఏ వాటా అయినా నాకు భయంగానే ఉంది.

ఇవాళ పొద్దున అది బావి దగ్గర ఉండగా దాని పెట్టె తెరిచాను. చేసిన పని మంచిది కాదని తెలుసు. బట్టల అడుగున నోట్‌బుక్ ఉంది. అందులోంచి ఒక పేజీ ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

తొవ్వ (టిక్కు)
పైలం (టిక్కు)
పొద్దుమీకి
మర్లబడుడు (టిక్కు)
జనగామ 6. మానుకోట 7. కలిసేది ఎక్కడ?
సీ. – రేపు అడగాలె.

ఇట్లాంటి పేజీలు ఇరవై దాకా ఉన్నాయి. దారి, జాగ్రత్త, సాయంత్రం, ఎదురుతిరగడం అని అర్థాలు వరసగా చదువుకుంటే నాకు సంకేతాల్లా కనపడ్డాయి. దాన్నే అడిగాను. "ఇదేమిటి?" అన్నాను. "నా పెట్టె ఎందుకు తీసినవ్?" అంది. 'తీశావు' అనబోయి ఊరుకున్నాను. ఎంత అడిగినా ఇంకో మాట లేదు. మధ్యాహ్నం బయటికి పోకుండా గది తలుపుకు బయట గొళ్లెం పెట్టాను. ఇంటి పనికి వచ్చే ఐలమ్మ నన్నొక చూపు చూసింది.

ఏం చేయాలో రాయి. ఇన్లాండ్ కవరు మీదే రాయి, ఎవరూ చదవకుండా అంటించి పంపు.

సుభాషిణి

—

(పోస్టుకార్డు)

జనగామ, 13–3–69

అక్కా, కొట్టులో ఇన్లాండ్లు లేవు, ఆగే టైము లేదు. నీ కాగితం చూడగానే నాకు అర్థమైంది. ఆ సీతారావమ్మే. మన పిల్లతో మన మాటలన్నీ రాయించుకుంటున్నది. మన మాటలు ఆమెకెందుకు? అవి నేర్చుకుంటే మన మధ్య కూర్చుని మన గుట్టు వినొచ్చు. ఎవరు ఎక్కడ ఎన్ని గంటలకు కలుస్తారో కూడా అడుగుతున్నది. పోలీసులకు చెప్పడానికి కాకపోతే అందరూ పోయినా ఆమె ఎందుకు ఉన్నట్టు? మన జనగామ సారు లాంటిదే ఆ జాతి. విజయను ఆ గడప తొక్కనివ్వకు. ఉగాది కాగానే వస్తాను.

సోమేశ్వర్

—

మానుకోట,
24 మార్చి 1969

సోమేశ్వర్‌కు,

ఉగాది కాగానే వస్తానన్నవాడివి రాలేదు. బండ్లు నిలిచిపోయాయని తెలిసింది. రాకపోవడమే మంచిదయింది. వచ్చి ఉంటే ఈ ఉత్తరం నీ మొహం మీదే చదివేదాన్ని.

నీ కార్డు నాకు అందే ముందు ఎంతమందికి అందిందో చెబుతాను. పోస్టుమాన్ వచ్చిన రోజు నేను ఇంట్లో లేను. వీధి మొదట ఉన్న కిరాణా కొట్టులో ఇచ్చి వెళ్లాడు. అది రెండు రోజులు ఉప్పు బస్తా మీద ఉంది. పప్పు కోసం వచ్చినవాళ్లు చదివారు, నూనె కోసం వచ్చినవాళ్లు చదివారు. నా చేతికి వచ్చేసరికి మూల మీద నూనె మరక ఉంది. నేను ఇన్లాండ్ అని రాసింది ఎందుకనుకున్నావు?

మర్నాటి నుంచి సీతారావమ్మకు పాలు ఆగిపోయాయి. బావి దగ్గర ఆమె బిందె పక్కన పెట్టారు. నాలుగో రోజున తుల్సీరాం గారు, "అమ్మా, నేనేం అంటలేను. కని రేపు ఇంటి మీద రాయి వడితే నాది జిమ్మేదారి కాదు. ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి" అన్నారట. ఆమె వాదించలేదు. ఇరవైయొకటో తేదీ పొద్దున బండి మాట్లాడుకుంది.

నేనూ వెళ్లాను. చూడటానికే వెళ్లాను, దాచను. సందు నిండా యాభై మంది ఉన్నారు. "సీఐడీ టీచర్ వాపస్ పో" అని అరుస్తున్నారు. ఆమె ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, పిల్లల నోట్‌బుక్కుల మోపు తానే మోసుకొచ్చి బండిలో పెడుతోంది. ఎవరు విసిరారో తెలియదు. చిన్న రాయే. కనుబొమ్మ మీద తగిలింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. వేళ్ల సందుల్లోంచి రక్తం. అరుపులు ఒక్కసారి ఆగాయి. కానీ ఎవరూ కదలలేదు. నేనూ కదలలేదు.

అప్పుడు వచ్చింది విజయ. నేను బయట పెట్టి వెళ్లిన గొళ్లెం ఐలమ్మ తీసింది. తర్వాత నేను అడిగితే, "తీసిన. పిల్ల తలుపు గుద్దుకుంట ఏడుస్తాంటే ఎట్ల ఊకుంట? నన్ను పనిలకెల్లి తీసేస్తే తియ్యుండ్రి" అంది. తీయలేదు.

ఓణీ చెంగు చింపి ఆమె నుదుటికి కట్టింది. కట్టి, మా అందరి వైపు తిరిగింది. తొమ్మిది నెలల్లో నా దగ్గర మొత్తం మాట్లాడినదానికంటే ఎక్కువ మాట్లాడింది. దాని మాటలు ఒక్కటీ మార్చకుండా రాస్తున్నాను.

"నా నోట్‌బుక్‌ల ఏమున్నదో ఒక్కలన్న నన్ను అడిగిండ్రా? తొవ్వ అంటే తొవ్వనే. పైలం అంటే పైలమే. గిండ్ల పోలీసుల ముచ్చట ఏమున్నది? క్లాసుల రాధ 'పైలం టీచర్, మెట్టున్నది' అంటే గీమెకు సమజ్ కాలే, పడ్డది. అందరు నవ్విండ్రు. గీమె నన్ను వట్టుకొని 'పైలం అంటే ఏంటమ్మా, నాకు నేర్పుతావా' అన్నది. తెల్వక అడిగింది. నాకు తెల్సు గనుక అడిగింది. గప్పటిసంది నేను గీమెకు దినాం నాలుగు మాటలు చెప్తున్న, గీమె నాకు నాలుగు లెక్కలు చెప్తాంది. వచ్చిన మాటకు టిక్కు వెట్టుకుంటది. జనగామ నుంచి ఆరింటికి ఒక బండి, మానుకోట నుంచి ఏడింటికి ఒక బండి, యాడ కలుస్తయ్? గది లెక్క! మీకు వచ్చిన లెక్కనేనా? ఎవరికన్న వస్తె చెప్పుండ్రి!"

తెలంగాణ కావాలని జైలుకు వెళ్లి వచ్చిన సేటు చిన్న కొడుకే ముందుకు వచ్చాడు. "జరుగుండ్రి, బండి పోనియ్యుండ్రి" అని, కింద పడిన నోట్‌బుక్కులు ఏరి బండిలో పెట్టి, స్టేషను దాకా బండి పక్కన నడిచాడు. విజయ ఇంకో పక్కన నడిచింది.

నేను పద్దెనిమిదేళ్లు బడిలో పనిచేశాను. ఒక రైలుబండి లెక్కను చూసి లెక్క అని గుర్తుపట్టలేకపోయాను.

ఇంటికి వచ్చాక దాని ముందు కూర్చుని, "నాతో చెప్పవలసింది కదమ్మా. ఆ జనగామ సారు మీద కోపం అందరి మీదా పెట్టుకుంటే ఎట్లా?" అన్నాను. అది నన్ను చూసి ఏమందో అదీ రాస్తున్నాను, నీకు కాదు, నాకోసం రాసుకుంటున్నాను.

"గా సారు ఒక్కసారి నవ్విండు అత్తమ్మా. నువ్వు దినాం దిద్దుతవ్."

ఇంకేం రాయను.

సుభాషిణి

—

జనగామ,
2 ఏప్రిల్ 1969

అక్కా,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. జవాబు మూడుసార్లు రాసి చింపేశాను. మొదటిదాంట్లో కార్డు సంగతి నాకేం తెలుసు, కొట్టులో ఇచ్చిన పోస్టుమాన్‌ది తప్పు అని రాశాను. రెండోదాంట్లో, పేజీ ఎత్తి పంపింది నువ్వే కదా అని రాశాను. మూడోది అన్నపూర్ణకు చదివి వినిపించాను. "గివన్నీ సరే. రాయి ఎవలు ఏసిండ్రు?" అని అడిగింది. "తెలియదు" అన్నాను. "నీ కార్డే ఏసింది" అని లోపలికి వెళ్లిపోయింది. అక్షరం రాని మనిషి అక్కా ఆమె. అదీ చింపేశాను.

ఫొటో సంగతి కూడా ఇవాళ రాస్తాను. మొగుళ్లపల్లి వాళ్లు అడిగిన మాట నిజమే. సంక్రాంతికే వద్దని చెప్పి పంపాను. ఫొటో అన్నపూర్ణకు. విజయ అక్కడికి వెళ్లినప్పటి నుంచి ఆమెకు కంటి మీద నిద్ర లేదు. ఉత్తరం చదవడం, రాయడం రాదు. "బిడ్డ మొకం యాదికొస్తలేదు, ఫోటువ తెప్పియ్యి" అని పిల్లలా ఏడ్చింది. భార్య ఏడ్చిందని అక్కకు రాయడానికి నాకు నామోషీ అయింది. అందుకే ఎందుకని అడగకు అన్నాను. ఒక్క వాక్యం రాయడానికి సిగ్గుపడ్డాను, దాంతో నువ్వేమేమో అనుకున్నావు. అనుకోవడంలో మనిద్దరం ఒక్క కడుపున పుట్టినవాళ్లమే.

విజయ నన్ను ఏమన్నా అంటుందా? అనకపోయినా అన్నట్టు రాయి.

సోమేశ్వర్

—

మానుకోట,
18 జూన్ 1969

తమ్ముడూ,

నిన్ను ఏమీ అనదు. నన్నూ ఏమీ అనదు. అన్నం పెడితే తింటుంది, నీళ్లు తోడుతుంది, లెక్కలు చేసుకుంటుంది. పాత పుస్తకం మొత్తం అయిపోయింది, పదో తరగతిది ఎవరి దగ్గరో తెచ్చుకుంది. నేను చదువు చెప్పడం మానేశాను. దిద్దడమూ మానేశాను. మొదట్లో ఎంత కష్టమైందో నీకు చెప్పినా నవ్వుతావు. అది ఒక మాట అన్నప్పుడల్లా నాలుక చివర దాకా వచ్చేది, మింగేదాన్ని. ఇప్పుడు మింగవలసిన పని కూడా తగ్గింది. మొన్న ఐలమ్మతో మాట్లాడుతూ నేనే 'గట్లనే' అన్నాను. విజయ విన్నది. తల ఎత్తి చూసి, మళ్లీ లెక్కలో పడింది.

ఈ పిల్లల్ని చదువు వైపు తిప్పడం ఎట్లా అని ప్రతి సంవత్సరం స్టాఫ్ మీటింగులో గంటలకొద్దీ మాట్లాడేదాన్ని. బహుమతులన్నాను, భయమన్నాను, పద్యాలన్నాను. వాళ్లకు తెలిసింది మనకు తెలియదని ఒప్పుకుని అడిగితే చాలునని రేపల్లె నుంచి వచ్చిన ఒకామె మెట్టు మీద జారిపడి కనుక్కుంది.

నాలుగు రోజుల కిందట రేపల్లె నుంచి విజయ పేరు మీద ఒక కార్డు వచ్చింది. కార్డే. నేను చదవలేదు, తిప్పి బోర్లా పెట్టి దానికి ఇచ్చాను. అదే నాకు చూపించింది. క్షేమ సమాచారం ఒక్క ముక్క లేదు. ఒక జ్యామితి లెక్క, కింద జవాబు, 'ఎలా వచ్చిందో రాయి' అని ఒక మాట. విజయ మూడు రోజులు దానితో కుస్తీ పట్టింది. ఇవాళ నా దగ్గరికి వచ్చి, తనంతట తానే నోరు విప్పింది. "అత్తమ్మా, నేను రేపల్లె పోవాలె. ఉత్తరంల చెప్తే ఒడువది, ఎదురుంగ కూసొని చెప్పాలె" అంది.

రోజులు బాగోలేవు. ఇటునుంచి అటు వెళ్లేవాళ్లను అటువాళ్లు, అటునుంచి ఇటు వచ్చేవాళ్లను ఇటువాళ్లు అనుమానంగా చూస్తున్నారు. పంపమని చెప్పే ధైర్యం నాకు లేదు. పంపవద్దని చెప్పే మొహమూ లేదు. నువ్వు తండ్రివి. ఈసారి నేనేమీ ఊహించను. నువ్వు రాసిందే చదువుతాను.

ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నవ్వమంటే నవ్వలేదు. అన్నపూర్ణకు అట్లాగే ఇష్టమవుతుంది.

అక్క

—

రేపల్లె,
9 జూలై 1969

అక్కా,

రేపల్లె స్టేషను బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పక్కన విజయ నిద్రపోతోంది. జనగామలో బయలుదేరేటప్పుడు పాపయ్య, "ఏ ఊరని అడిగితే ఏమంటరు అయ్యా, నోరు తెరిస్తెనే దొరుకుతరు" అన్నాడు. బెజవాడ దాటేదాకా నేను నోరు తెరవలేదు. తెనాలిలో బండి మారేటప్పుడు ఒకాయన "ఏవూరండీ?" అని అడిగితే వినపడనట్టు వంగి చేతిసంచీ సర్దుకున్నాను. మాట్లాడితే పట్టుబడతానన్న భయం అంటే ఏమిటో నలభై రెండేళ్లకు తెలిసింది. నా బిడ్డకు పద్నాలుగో ఏటే తెలిసింది.

సీతారావమ్మ వాళ్ల అన్నగారి ఇంట్లో ఉంటోంది. అరుగు మీద ఆయన పేపరు చదువుతున్నాడు. జనగామ నుంచి అనగానే పేపరు మడిచి నిలబడ్డాడు. చెల్లెలి కనుబొమ్మ మీది గీత ఆయన రోజూ చూస్తున్నాడు కదా. లోపలికి రమ్మనలేదు, వెళ్లమనలేదు. నా చేతిసంచీ వైపు చూశాడు. నేను అయితే నాలాంటివాణ్ణి వాకిట్లోంచే పంపేసేవాణ్ణి.

ఇంతలో ఆమె బయటికి వచ్చింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "కార్డు రాసింది నేనే. తప్పు నాది" అన్నాను.

"ఆ కార్డు నేను చూడలేదండి. చూసినవాళ్లే చెప్పారు" అంది. "క్షమించానని ఇప్పుడే అనలేను. అబద్ధమవుతుంది. అక్కడికి మళ్లీ రాను కూడా. బదిలీకి పెట్టుకున్నాను. కానీ అమ్మాయిని తీసుకొచ్చారు. అది మాత్రం చాలా మంచి పని."

అని విజయ వైపు తిరిగి, "లెక్క చేశావా?" అంది.

"చేసిన టీచర్. కని మీ జవాబు తప్పున్నది" అంది నా కూతురు.

వాళ్ల ఇంట్లో, వాళ్ల వాకిట్లో, వచ్చిన పనేమిటి, ఈ మాటేమిటి! ఆమె కళ్లు పెద్దవి చేసింది. "తప్పా? ఎక్కడ?" అని సుద్దముక్క తెచ్చింది. ఇద్దరూ అక్కడే గచ్చు మీద కూర్చున్నారు. ఒక గీత ఆమె గీస్తే, "గట్ల కాదు టీచర్, గీ పక్క చూడుండ్రి" అని ఇది చెరిపి ఇంకోటి గీసింది. ఆమె ఒప్పుకోలేదు. ఇది ఒప్పుకోలేదు. గొంతులు పెరిగాయి. లోపలి నుంచి పిల్లలు వచ్చి చుట్టూ నిలబడ్డారు. అన్నగారు కూడా పేపరు పక్కన పెట్టి వంగి చూశాడు. నాకు ఎవరో మజ్జిగ ఇచ్చారు. అరుగు చివర గ్లాసు పట్టుకుని కూర్చున్నాను, నాతో ఎవరికీ పని లేదు.

ఎవరిది రైటో నాకు తెలియదు అక్కా. ఒక గంటన్నర వాదించుకున్నారు. చేతులు తిప్పుతూ, మోకాళ్ల మీద లేస్తూ, 'ఏంది', 'ఎట్ల', 'గందుకే' అంటూ మన విజయ మాట్లాడుతూనే ఉంది. దాని గొంతు కాస్త బొంగురుగా ఉంటుంది, నీకు తెలుసా? నాకు తెలియదు. అంతసేపు నేను ఎప్పుడూ వినలేదు.

సాయంత్రం బండికి టైమైందని అన్నగారు గుర్తుచేశాడు. విననట్టు కూర్చున్నాను. బండి తప్పింది. తప్పనిచ్చాను.

తమ్ముడు,
సోమేశ్వర్